యాసంగిల దిగబడ్డ బండి

మిన్నెసోటాలో ఉండే మా మేనల్లుడు డిసెంబరులో ఫోన్ చేస్తే ఉద్యోగం ముచ్చట చెప్పడు, మంచు ముచ్చట చెప్తాడు. ఈసారి ట్రాక్టర్ల మీద పడ్డాడు. అక్కడ మంచులో చక్రాలు జారకుండా టైర్లకు గొలుసులు చుడతారట. బరువు కోసం టైర్లలో నీళ్లు నింపితే అవి గడ్డకడతాయి కాబట్టి కాల్షియం క్లోరైడ్ కలిపేవారట. అది రిమ్ములను తినేస్తోందని ఇప్పుడు కొందరు చక్కెర దుంపల రసం పోయిస్తున్నారట. అంతా విని మా అక్క ఒకటే అడిగింది: "మరి టైర్లకు షుగర్ రాదా బిడ్డా?"

మా బావకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన బండి అప్పటికే మానకొండూరు దగ్గరి కరిగెట్ల ఇరుసు దాకా దిగబడి ఉంది.

మనకూ చలికాలం ఉంది. సిర్పూర్ (యు), గిన్నెధరి వైపు కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. పొద్దెక్కినా పొగమంచుకు ఆదిలాబాద్ రోడ్ల మీద ఎదురొచ్చే లారీ కనపడదు. అయినా టైర్లో నీళ్లను గడ్డకట్టించేంత పౌరుషం మన చలికి లేదు. మన బండి జారేది మంచు మీద కాదు, బురద మీద. ఆ బురద కూడా ఊరికే రాలేదు. మిన్నెసోటా వాళ్లకు ఆకాశం పుణ్యానికి ఇచ్చే జారుడును మనం ప్రాజెక్టులు కట్టి మరీ తెచ్చుకున్నాం. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్, దాన్నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ, నడుమ కరీంనగర్ ముంగిట లోయర్ మానేరు. ఇంత చేసి, యాసంగిలో మడి నిండా నీళ్లు పెట్టి, అందులోకి రెండు టన్నుల ఇనుమును దింపి, "ఏందిరా, జారుతాంది?" అని ఆశ్చర్యపోతాం.

టైరు కొంచెం జారడం తప్పు కాదు. దుక్కిలో వెనక చక్రాలు నూటికి పది పదిహేను వంతులు జారితే పని బాగా సాగుతున్నట్టే లెక్క. అసలు జారకపోతే బండికి అవసరానికి మించి బరువెత్తినట్టు. బావ బండి ఆ రోజు నూటికి నూరు సాధించింది. ఆయన బడిలో చదివినన్నాళ్లూ ఏ పరీక్షలోనూ చూడని మార్కు. టైరు మీది గుబ్బల సందుల్లో బురద అతుక్కుపోతే అది గుండు టైరే. గిర్రున తిరుగుతుంది, గుంత తవ్వుతుంది, అందులోనే కూర్చుంటుంది.

పైగా ఆ టైర్లలో నీళ్లున్నాయి. బోథ్ దగ్గరుండే మా బావ వియ్యంకుడి సలహా అది. ఆయనది పత్తి పండే నల్లరేగడి. పత్తి కట్టె తీసి పొడినేలను లోతుగా దున్నాలంటే పట్టు కావాలి. వాల్వు పైకి వచ్చేలా చక్రం నిలిపి ముప్పావు వంతు నీళ్లు పడితే ఒక్కో వెనక టైరుకు నూట యాభై కిలోలకు పైనే బరువు చేరుతుంది. అక్కడ అది అమృతం. మెత్తటి మడిలో అదే బరువు బండిని కిందికి లాగుతుంది. వియ్యంకుడి మాట కాదంటే మర్యాద దక్కదు, వింటే బండి దక్కదు!

ఒడ్డు మీద సలహాలకు కరువు లేదు. "రేజ్ ఇయ్యే" అని ఒకాయన. అది గుంతను ఇంకా లోతు చేస్తుంది. "గడ్డెయ్యి, తుమ్మకొమ్మలెయ్యి" అని ఇంకొకాయన. అది కాస్త నయం. "పెద్దమొద్దు తెచ్చి రెండు చక్రాలకు అడ్డంగ కట్టు" అని మూడో ఆయన. ఇక్కడ మాత్రం నేను నవ్వను. చక్రం కదలలేకపోతే ఇంజిను బలమంతా బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీదే పడుతుంది. అతను దూకేంత సమయం కూడా దొరకదు.

ఒక చక్రమే తిరిగి రెండోది నిలిచిపోయిన మొదట్లోనే పనికొచ్చేది ఒకటుంది. డ్రైవర్ మడమ దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్. తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. మలుపు తిప్పేటప్పుడు మాత్రం తొక్కకూడదు. బావ బండిలో ఆ పెడల్ మీద కొన్నప్పటి నుంచీ ఒక తువ్వాల ఆరుతోంది.

చివరికి పక్క మడిలోని బండి కేజీవీల్స్ అనే ఇనుప చక్రాలతో వచ్చి, కింది హుక్కుకు తాడు కట్టి లాగింది. బావ అక్కడే వాల్వులు విప్పి టైర్లలోని నీళ్లు కూడా మడికే పెట్టాడు. "ఇగ కేజీవీల్స్ లేకుంటే పొలంల అడుగు పెట్ట బామ్మర్దీ" అన్నాడు.

ట్రాక్టర్లకు మొదట్లో ఉన్నవి ఇనుప చక్రాలే. 1932లో అమెరికాలో అలిస్-ఛామర్స్ కంపెనీ గాలి టైర్లతో ట్రాక్టర్లు అమ్మడం మొదలుపెట్టింది. రైతులు నమ్మలేదు. మరుసటి ఏడాది బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే రేసుకారు వీరుడు టైర్ల ట్రాక్టరును గంటకు అరవై నాలుగు మైళ్లకు పైగా ఉరికించి చూపించాడు. లోకమంతా అట్లా రబ్బరుకు మారింది. మేం యాసంగి వచ్చిందంటే చాలు, ఆ రబ్బరు పక్కనే మళ్లీ ఇనుము బిగిస్తాం. తప్పేం లేదు, బురదలో దానికి మించింది లేదు. అడుగున ఉండే గట్టి పొర మీద కాలూని నడుస్తుంది. ఏటేటా లోతు పెంచుకుంటూ పోయి ఆ పొరను కూడా చీల్చితేనే మడి ఊబి అవుతుంది. అప్పుడు కోతలకు టైర్ల మిషన్ దిగదు, గంటకు ఎక్కువిచ్చి చైన్ మిషన్ పిలవాలి.

బురద దాటి ఆ చక్రాలు తారురోడ్డు ఎక్కితే మాత్రం పగ రోడ్డు మీదికి మళ్లుతుంది. ఏ ఊరి రోడ్డు చూసినా దానిమీద ఇనుప పళ్ల గాట్లే. సీజన్ రాగానే పోలీసులు, రవాణా అధికారులు రోడ్డెక్కించొద్దని చెప్తూనే ఉంటారు. "పొలం నాదే, రోడ్డు సర్కారుది" అంటాడు బావ. ఎండాకాలం అదే రోడ్డు మీద వడ్లు ఆరబోసేదీ ఆయనే, గుంతలల్ల గింజలు పడ్డయని సర్కారును తిట్టేదీ ఆయనే.

కాబట్టి అన్నలారా, కేజీవీల్స్‌ను ట్రాలీలో వేసుకొని పోయి పొలం ఒడ్డున బిగించుకోండి. ఇద్దరు మనుషులు కాసేపు చేస్తే అయ్యే పని. ఆ పెడల్ మీది తువ్వాల కూడా తీసేయండి.