మా రోజుల్లో బంకరింగ్

మా రోజుల్లో ఓడ మీద నూనె కారితే కంటికి కనబడేది. పంపు గ్లాండు దగ్గర చెమ్మ, ఫ్లోర్ ప్లేటు మీద మరక, వేడి పైపు మీద పడితే పొగ. ఇవేవీ లేకపోయినా ముక్కు పట్టేసేది. వాచ్‌లోకి దిగగానే ఇంజన్ రూమంతా ఒక చుట్టు తిరిగి వచ్చేవాళ్లం. బేరింగ్ హౌసింగ్ మీద అరచెయ్యి ఆనించి వేడి చూడడం, జనరేటర్ చప్పుడులో తేడా వినబడితే చేతిలో పని వదిలేసి అటు నడవడం, ఇవి పుస్తకంలో చదువుకున్నవి కావు. సెకండ్ ఇంజనీరు వెనకాల తిరిగి, ఆయన చేత తిట్లు తిని నేర్చుకున్నవి.

బంకరింగ్ రోజున, అంటే ఓడకు ఇంధనం నింపుకునే రోజున, ఎవరికీ నిద్ర ఉండేది కాదు. డెక్ మీద నీళ్లు బయటికి పోయే స్కప్పర్లన్నీ బిరడాలు కొట్టి మూసేవాళ్లం. ఇంధనం గొట్టాలు కలిపే మానిఫోల్డ్ పక్కన రంపపుపొట్టు బస్తాలు, గుడ్డపీలికలు సిద్ధంగా ఉండేవి. ఫోర్త్ ఇంజనీరు ట్యాంకులో మట్టం కొలిచే సౌండింగ్ టేపు పట్టుకుని ట్యాంకు ట్యాంకుకీ పరిగెత్తేవాడు. బార్జి వాడు నూనెలో గాలి తోలి కొలత పెంచి చూపిస్తాడేమోనని చీఫ్ ఇంజనీరు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చునేవాడు. ట్యాంకు పొంగితే డెక్ నల్లబడేది, నీళ్లలో పడితే జరిమానా, చీఫ్‌కి తలవంపులు. ప్రాణాల మీదికి రావడం మాత్రం చాలా అరుదు. ఫర్నేస్ ఆయిల్ వేడి చెయ్యనిదే కదలదు, అగ్గిపుల్ల గీసి అందులో పడేసినా ఆరిపోతుంది.

ఆ నిశ్చింత ఊరికే రాలేదు. ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస వేడి) 60 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువున్న నూనెను మామూలు ఓడలు ఇంధనంగా వాడకూడదని సోలాస్ అనే అంతర్జాతీయ నౌకా భద్రతా ఒప్పందం నిబంధన. ఆ ఒక్క అంకె మా తరానికి కాపలా కాసింది. ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) మోసే ట్యాంకర్లు సరుకులోంచి ఆవిరైన గ్యాసును బాయిలర్లలో కాల్చుకునేవి, నిజమే. కానీ వాటికి వేరే కోడ్, వేరే శిక్షణ, ఆ పనిలోనే తలలు పండిన మనుషులు. ఇవాళ కంటైనర్ ఓడ, కార్లు మోసే ఓడ, ప్రయాణికుల ఫెర్రీ లాంటివి కూడా గ్యాసుతో నడుస్తున్నాయి. ఆ గ్యాసులో ప్రధానమైన మీథేన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకి 188 డిగ్రీల దిగువన ఉంటుంది. 60కీ దీనికీ మధ్య ఎంత దూరం ఉందో, మా ఉద్యోగానికీ ఇప్పటి కుర్రాళ్ల ఉద్యోగానికీ అంత దూరం ఉంది.

ఎల్‌ఎన్‌జీ మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 600 లీటర్ల గ్యాసు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంట్లో వంటగ్యాసుకు వాసన కలుపుతారు గనక లీకైతే గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఓడ ట్యాంకులోని ఎల్‌ఎన్‌జీకి వాసనా లేదు, రంగూ లేదు. కారిన చోట తెల్లటి పొగమంచు లేస్తుంది గాని, అది గాలిలోని తేమ. మంచు విడిపోయిన చోట గ్యాసు కూడా లేదనుకోవడం ప్రాణాంతకం. చల్లగా ఉన్నంతసేపూ అది గాలికంటే బరువుగా ఉండి డెక్ వెంబడి పాకుతుంది, వేడెక్కాక పైకి లేస్తుంది. ఆ ద్రవం మామూలు ఓడ ఉక్కు మీద పడితే ఉక్కు పెళుసెక్కి పగిలిపోతుంది. మేం నమ్ముకున్న కన్ను, చెయ్యి, ముక్కు ఇక్కడ చాలవు. ఈ మాట ఒప్పుకోని నా ఈడు వాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే.

అందుకే గ్యాసు ఇంధనంతో నడిచే ఓడలకు రాసిన ఐజీఎఫ్ కోడ్ అంటే నాకు గౌరవం. 2000లో నార్వేలో గ్లుట్రా అనే ఫెర్రీ ఎల్‌ఎన్‌జీతో తిరగడం మొదలుపెట్టినప్పుడు ప్రపంచమంతటికీ వర్తించే నియమమంటూ ఒకటి లేదు. 2009లో తాత్కాలిక మార్గదర్శకాలు వచ్చాయి. 2015 జూన్‌లో పూర్తి కోడ్‌ను ఆమోదించారు, 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంజన్ రూములో గ్యాసు పైపు చుట్టూ ఇంకో పైపు ఉంటుంది. ఆ రెంటి మధ్య సందులో గంటకు కనీసం 30 సార్లు గాలి మారుతూ ఉండాలి. లోపలి పైపుకు చిల్లు పడ్డా గ్యాసు ఆ సందులోంచే బయటికి పోవాలి తప్ప మనుషులున్న చోటికి రాకూడదు. ట్యాంకు వాల్వులుండే గదిలో గ్యాసు, మండే కనీస మోతాదులో 20 శాతానికి చేరితే అలారం మోగాలి. రెండు డిటెక్టర్లు 40 శాతం చూపిస్తే ఎవరూ ముట్టుకోకుండానే ట్యాంకు వాల్వు మూసుకోవాలి. బంకర్ స్టేషన్ కింద ఆ చలికి తట్టుకునే ట్రే ఉండాలి. నైట్రోజన్ తోలి గాలి వెళ్లగొట్టాకే పైపులోకి గ్యాసు, మళ్లీ ఆ గ్యాసు వెళ్లగొట్టాకే హోస్ విప్పడం. రాసినవాళ్లు ఎంత ముందుచూపుతో రాశారో ప్రతి అధ్యాయంలోనూ కనబడుతుంది.

ఇలాంటి నియమాల వెనక చావులున్నాయి. 1944 అక్టోబర్ 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పగిలింది. గ్యాసు మురుగు కాలువల్లోకి దూరి వీధుల కింద పేలింది. సుమారు 130 మంది పోయారు. ఆ ట్యాంకు ఉక్కులో నికెల్ 3.5 శాతమే, అంత చలికి అది తట్టుకోలేదు. తర్వాత అలాంటి ట్యాంకులకు 9 శాతం నికెల్ ఉక్కు వాడడం మొదలుపెట్టారు. అంత దూరం ఎందుకు, 1997 సెప్టెంబర్‌లో మన విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ కారి అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. అది వేరే గ్యాసు, నేల మీది సంగతి. అయినా ఆ ఊరివాణ్ని కాబట్టి, గ్యాసు నియమాలను చాదస్తమని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.

మరి నా గొణుగుడు దేనికంటే, నియమం పాటించడానికీ, పాటించినట్టు కాగితం తయారుచెయ్యడానికీ మధ్య గీత చెరిగిపోతోంది. సెలవులకు ఊరొచ్చిన కుర్రాళ్లు మా ఇంటికి వస్తుంటారు. గ్యాసు ఓడ మీద థర్డ్ ఇంజనీరుగా చేస్తున్న ఒకణ్ని అడిగాను, బంకరింగ్‌కి ముందు ఈఎస్‌డీ (అత్యవసరంగా ఇంధనం ఆపే ఏర్పాటు) పరీక్ష చేస్తారు కదా, వాల్వు మూసుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందిరా అని. “ఫారంలో ఉంటుంది సార్” అన్నాడు. గడియారం పెట్టి నువ్వు చూశావా అంటే తల దించుకున్నాడు. హోస్ కలపకముందే చెక్‌లిస్టు చివరి పేజీ దాకా టిక్కులు పడిపోతాయట. ఆ వాల్వు నెమ్మదిగా మూసుకుంటే ద్రవం కారుతూనే ఉంటుంది. మరీ వేగంగా మూసుకుంటే పైపులో ప్రెషర్ దెబ్బకి హోస్ పోతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య నిలబెట్టిన అంకె అది. కారణం చెప్పకుండా ఆ అంకెను కుర్రాడి చేతికిస్తే టిక్కు పెట్టక ఏం చేస్తాడు?

నన్ను నిజంగా మండించేది ఇంకోటుంది. గ్యాసు ఓడల మీద ఇంధనం బాధ్యత చూసే కెప్టెన్లకూ ఇంజనీర్లకూ అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కావాలని నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ చెబుతుంది. దానికి కోర్సుతో పాటు కనీసం నెల రోజుల సముద్రం పని, అందులో కనీసం మూడు బంకరింగులు ఉండాలి. బాగుంది. ఆ పక్కనే ఇంకో వాక్యం: మూడింట్లో రెండు బంకరింగులకు బదులు సిమ్యులేటర్ శిక్షణ సరిపోతుంది. అంటే ఒక మనిషి జీవితంలో ఒకే ఒక్క నిజమైన గ్యాసు బంకరింగు చూసి, రెండోదానికి తానే బాధ్యుడిగా నిలబడవచ్చు.

సిమ్యులేటర్ చెడ్డదని నేను అనను. హోస్ తెగిపోవడం, డెక్ మీద మంట, ట్యాంకులో ప్రెషర్ అదుపు తప్పడం నిజం ఓడ మీద చూపించలేం, అక్కడే చూపించాలి. ఆ శిక్షణ ఇంకా పెంచండి. కానీ అది అదనంగా ఉండాలి, నిజమైన పనికి బదులు ఎందుకు? హోస్ చల్లబడుతున్నప్పుడు ఫ్లాంజి మీద మంచు ఎలా పేరుకుంటుందో, ఏ బోల్టు దగ్గర అది అనుమానంగా కనబడుతుందో తెర మీద తెలీదు. క్రయోజెనిక్ గ్లవ్స్ వేసుకున్న చేతికి లివర్ ఎంత మొండిగా తగులుతుందో తెలీదు. అర్ధరాత్రి వానలో, పక్క బార్జి వాడి యాసలో ఇంగ్లిష్ వాకీటాకీలో సగమే వినబడుతుంటే, “ఆపండి” అనడానికి ఎంత గుండె కావాలో అసలే తెలీదు. మా సెకండ్ ఇంజనీర్లు ఫర్నేస్ ఆయిల్ బంకరింగునే, ఎన్నోసార్లు పక్కన నిలబెట్టుకున్నాక గాని మా చేతికి ఇవ్వలేదు.

పక్కన నిలబెట్టుకోవడానికి ఇప్పుడు మనుషులేరీ? మేం నలభై, యాభై మంది నడిపిన ఓడలకంటే ఎన్నో రెట్లు పెద్దవి ఇవాళ ఇరవై పైచిలుకు మందితో తిరుగుతున్నాయి. ఇరవై నాలుగు గంటల్లో పది గంటల విశ్రాంతి, వారానికి 77 గంటలు అని నియమం. ఆ పట్టిక కూడా ముందే నిండిపోతుందని కుర్రాళ్లే చెబుతారు. ఇంకోపక్క శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొలం తాకట్టు పెట్టి ఏజెంట్లకు లక్షలు పోసే తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లలకు సర్టిఫికెట్ అంటే ఉద్యోగానికి టిక్కెట్టు. దాని వెనక ఉండాల్సిన పని వాళ్లకు ఎవరూ చూపించలేదు. వాళ్లను నిందించలేను, వాళ్లను ఆ ఓడ ఎక్కించినవాళ్లను నిందిస్తాను.

ఇప్పుడు అమ్మోనియా వస్తోంది. కార్బన్ లేని ఇంధనమని దానితో నడిచే ఓడలు కడుతున్నారు. 2024 డిసెంబర్‌లో ఐఎంవో (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) తాత్కాలిక మార్గదర్శకాలు కూడా ఆమోదించింది. మన తీరంలో రొయ్యల ఫ్యాక్టరీల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు అమ్మోనియా సంగతి వేరే చెప్పక్కర్లేదు. కళ్లు మండుతాయి, ఊపిరి అందదు. దానికి వాసనుంది, ముక్కు ముందే పట్టేస్తుంది. కానీ గాలిలో పది లక్షల వంతుల్లో 300 వంతులకు చేరగానే ప్రాణానికి తక్షణ ప్రమాదం. మంట అక్కర్లేదు, పీల్చితే చాలు. మూసి ఉన్న గదిలో వాసన వచ్చాక పరిగెత్తడానికి మిగిలే సమయం ఎంతని?

అమ్మోనియా ఓడల సిబ్బందికి శిక్షణ నియమాలు రాసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. బదులు సిమ్యులేటర్ చాలు అన్న ఆ వాక్యం అందులోకి రానివ్వకండి. గ్యాసు ఓడలకు రాసినదాంట్లోంచి కూడా కొట్టేయండి. మూడు బంకరింగులంటే మూడూ ఓడ మీదే చేయించండి, పక్కన అనుభవం ఉన్న ఇంజనీరును నిలబెట్టి, ఆ మనిషి జీతం కంపెనీ చేత ఇప్పించండి.