ఉంగరం గీసినోడు వేలు చూడలేదు

ఉంగరానికి మొదలు ఫోన్ల బొమ్మ చూసుకొని మురిసి, బయానా కట్టి, ఆ తర్వాత మనసు మార్చుకునే కాలమొచ్చింది. మా తమ్ముని మనుమరాలి లగ్గం కుదిరిన సంది మా ఇంట్ల ఇదే ముచ్చట. పిల్లకు, పిలగానికి జోడుంగరాలు కావాలె. ఇంకెవ్వరి చేతికీ ఉండొద్దు, వాళ్ల కోసమే గీసినవై ఉండాలె. పట్నంల ఒక దుకాణపోళ్లు కంప్యూటర్ మీద గీసి పంపిన్రు. రెండుంగరాలు పక్కపక్కన పెడితే నడుమ గుండె బొమ్మ పడతది. పిల్లదానికి చుట్టూత సన్న రాళ్లు, మీద ఎత్తుగ నిలబెట్టిన పెద్ద రాయి. పద్దెనిమిది క్యారెట్ల తెల్ల బంగారం. ఇద్దరికీ నచ్చింది. సరుకు సగం తయారైనంక పిల్ల నా దగ్గరికొచ్చి "తాతా, నాకా డిజైన్ వద్దనిపిస్తుంది" అన్నది.

ఇంట్ల అందరూ ఆ పిల్ల మీదనే పడ్డరు. ముందుగాల ఏం చేసినవ్, పైసలు చెట్లకు కాస్తున్నయా, అవతలోళ్లు ఏమనుకుంటరు అని. నేను పిల్ల దిక్కే నిలబడ్డ. ఆమె నిజామాబాద్‌ల నర్సు. దినమంతా చేతులకు రబ్బరు తొడుగులు తొడుగుడు, తీసుడు. ఎత్తు రాయి తొడుగును చింపుతది. రాళ్ల సందుల మురికి పడితే ఎంత కడిగినా పోదు. ఇగ చుట్టూత రాళ్లు పొదిగిన ఉంగరాన్ని కోసి పెద్దగ చెయ్యరాదు. కాన్పు నాటికి ఆడోళ్ల వేళ్లు వాస్తయని ఆమెకు ఒకరు చెప్పాల్నా? రోజూ కళ్ల ముందు చూసే సంగతే. బొమ్మ చూసినప్పుడు ఇదేదీ తట్టలేదు, ఎందుకంటే బొమ్మల వేలు లేదు. తట్టినంక చెప్పింది. అందుల తప్పేమున్నది?

నా గులుగుడంతా ఆ పద్ధతి మీద. కొలత పట్టకుండ అంగీ కుట్టినట్టు, చెయ్యి చూడకుండ ఉంగరం చేస్తరా?

మా రోజుల్ల కోటగిరిల బంగారం పని అంటే అవుసలాయన ఇంటి అరుగు మీద కూసునుడే. మాది నిజాంసాగర్ కాలువ పారే నేల. వరి, చెరకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు పైసలు చేతికి రాంగనే ఇంట్ల ఎదిగిన పిల్ల ఉంటే కొంత బంగారానికి పోయేది. లగ్గం ఎప్పుడో, పిలగాడెవడో ఇంకా తెల్వదు. మాసం ఎత్తో, రెండు మాసాల ఎత్తో బంగారం కొని పెట్టెల పెట్టుకునేటోళ్లు. అందుకే సొమ్ము చేయించే నాటికి దాని మీద నెలలకు నెలలు ఆలోచన నడిచి ఉండేది. అమ్మ ఒక తీరు అనేది, మేనత్త ఒక తీరు అనేది, దేగ్లూర్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ చుట్టాలు ఇంకో తీరు చెప్పేటోళ్లు. మాటలన్నీ ఇంట్లనే అయిపోయి, అప్పుడు అరుగెక్కేటోళ్లం.

అక్కడ ఇంకొక ఆలోచన అవుసలాయనే చేయించేటోడు. పాత కమ్మలు కరిగించి కొత్త సొమ్ము చెయ్యాల్నంటే, వాటిని మూసల వేసే ముందు చేతిల పట్టుకొని అమ్మ దిక్కు చూసి, "ఇంకొక్కపారి అనుకోండ్రమ్మా, మూసల పడ్డంక ఇవి మల్ల కమ్మలు కావు" అనేటోడు. ఒకసారి మా పెద్దమ్మ ఆ మాట వినంగనే లేచి, కమ్మలు కొంగున కట్టుకొని ఇంటికొచ్చింది. ఆయన కోపం జెయ్యలేదు. కుంపటి ఆర్పి, మల్ల రాండ్రి అన్నడు. మనసు మారే చోటు అది. బంగారం ఇంకా చల్లగ ఉన్నప్పుడు.

నా లగ్గపు ఉంగరం ఆయన చేస్తుంటే పక్కన కూసొని చూసిన. మొదలు నా చెయ్యి పట్టి తిప్పి తిప్పి చూసిండు. "నాగలి పట్టే చెయ్యి, కణుపు లావున్నది" అని వేలికి దారం చుట్టి, పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి కొలత తీసుకున్నడు. ఎండకు, పనికి వేలు ఉబ్బుతదని ఆయనకు తెలుసు. కరిగిన ముద్దను దాగలి మీద సుత్తెతోటి సాగగొట్టి, దారం కొలతకు వంచి, కొసలు కలిసే కాడ టంకం పెట్టి, వెలిగారం పూసి, ఊదుగొట్టంతోటి మంటను సరిగ్గ ఆ అతుకు మీదికే ఊదిండు. బుగ్గలు ఉబ్బుతున్నయి గాని మంట అటు ఇటు కదల్లేదు. ఆకురాయితోటి లోపలి అంచు గుండ్రంగ అరిగించిండు, నాగలి మేడి పట్టినప్పుడు వేలు కోసుకపోవద్దని. చింతపండు నీళ్లల్ల కడిగి, కుంకుడు నురుగుతోటి రుద్ది నా చేతిల పెట్టిండు. మీద ఒక గీత లేదు, ఒక రాయి లేదు. ఆ తర్వాత రెండుసార్లు దాన్ని కోసి పెద్దగ చేసినం. ఎక్కడ కోసినమో ఇప్పుడు వెతికినా దొరకదు.

తూకం కూడా చెప్తా. ఆనాటి తులం అంటే 96 గురిగింజలు. ఎనిమిది గురిగింజలకు మాసం, పన్నెండు మాసాలకు తులం. గ్రాములల్ల 11.66 దాంక పడతది. ఇప్పటి దుకాణంల తులం అంటే 10 గ్రాములే. మా చుట్టు క్యాంపులల్ల ఉండే ఆంధ్రోళ్లు కాసులల్ల లెక్క చెప్తరు, కాసు అంటే 8 గ్రాములు. తులం పేరొకటే, బరువు వేరు. తులం మాట మీద ఒప్పందం చేసుకునే పెద్దమనుషులు అది ఏ తులమో ఇప్పటికీ అడగరు.

ఇగ జోడు సంగతి. లగ్గంల జోడు అనేది మనకు ఉంగరాలల్ల లేదు, పుస్తెలల్ల ఉన్నది. ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. రెండిళ్ల బంగారం ఒకే తాడు మీదికి వస్తది. లగ్గానికి కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు, అవుసలి ఇంటి నుంచి పుస్తె మట్టెలు వచ్చేటివి. పుస్తె మీద ఏ గుర్తు ఉండాల్నో ఇంటి ఆచారం చెప్పేది, శైవులకు ఒక తీరు, వైష్ణవులకు ఒక తీరు. అందుల మనసు మార్చుకునేదేమీ ఉండకపోయేది. ఉంగరమంటే పెట్టుపోతలల్ల అల్లునికి పెట్టేది, పెండ్లికొడుకు పెండ్లిబిడ్డ బిందెల చేతులు పెట్టి వెతుక్కునేది. ఆ బిందె మూతి సన్నగుంటది. ఎత్తు రాయి ఉంగరం వేసి చూడుండ్రి, ఎవరి వేలో గీసుకపోతది.

ఇప్పుడు ఉంగరాల మార్పిడికి హాలు, పూల మండపం, కెమెరాలు. రాయి లేకుంటే ఉంగరమే కాదన్నట్టు మాట్లాడతరు. ఈ వజ్రపుటుంగరం మోజు ఏ శాస్త్రంల నుంచీ రాలేదు. 1947ల, మనకు స్వరాజ్యం వచ్చిన ఏడే, డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ అమెరికాల వజ్రం ఎల్లకాలం ఉంటదని ప్రకటన మాట రాయించింది. ప్రేమకు గుర్తు వజ్రమని అచ్చులేసి అచ్చులేసి నమ్మించింది. పద్దెనిమిదో శతాబ్దంల బ్రెజిల్‌ల గనులు బయటపడే దాంక లోకానికి వజ్రాలు పంపింది ముఖ్యంగ మన దేశమే. అందుల కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు, అమ్మే చోటు గోలకొండ. అంత వజ్రం మన చేతుల మీదుగ పోయినా, మన లగ్గం తంతుల వజ్రానికి పీట వెయ్యలేదు. పసుపు కొమ్ముకు వేసినం. నాకు ఆ సంగతి గొప్పగ అనిపిస్తది.

అరుగు మీది అవుసలాయన ఎక్కడికి పోయిండని పిల్లలు అడుగుతరు. ఆయనంతట ఆయన పోలేదు. 1963 జనవరిల, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగ ఉన్నప్పుడు, బంగారం మీద కంట్రోల్ వచ్చింది. కొత్త సొమ్ము పద్నాలుగు క్యారెట్లకు మించి చెయ్యొద్దన్నరు. పద్నాలుగు క్యారెట్ల బంగారం గట్టిగుంటది, రంగు తక్కువుంటది, దాంతోటి పుస్తె చేస్తే ఏ తల్లి ఒప్పుకుంటది? దేశమంతా స్వర్ణకారుల కుంపట్లు ఆరినయి. ఆ క్యారెట్ల నిబంధన కొన్నేండ్లకు తీసేసిన్రు గాని, 1968ల మల్ల కంట్రోల్ చట్టమే చేసిన్రు. అది 1990 దాంక ఉన్నది. అన్నేండ్లు లైసెన్సులు, లెక్కల పుస్తకాలు. కొడుకులు తండ్రి సుత్తె పట్టకుండ వేరే పని చూసుకున్నరు. చట్టం పోయే నాటికి పని తెలిసిన చేతులు సగమైనయి, అచ్చు పోసిన సొమ్ము, అద్దాల దుకాణాలు వచ్చి మీద పడ్డయి.

అద్దాల దుకాణంల అమ్మేటోడు పని చేసేటోడు కాదు. మనం చెప్పిన మాట కౌంటర్ కాడి పిలగానికి, వాని నుంచి మేనేజరుకు, ఆయన నుంచి బొమ్మ గీసేటోనికి, అక్కడి నుంచి ఏ సందులనో దీపం కింద కూసున్న బెంగాలీ పనోనికి పోతది. ఆ బెంగాలీ పిలగాని చేతిల పని ఉన్నది, నేను కాదనను. కాని వాడు మా పిల్లను చూసిండా? మా అవుసలాయన పసిపిల్లల చెవులు కుట్టిన మనిషి. కుట్టిన నాటి సంది ఆ పిల్ల ఎట్ల పెరిగింది, ఏం పని చేస్తది, ఏ చేతితోటి చేస్తది, అన్నీ ఎరిగినోడు.

ఒక మాట మాత్రం ఖుల్లగ చెప్పాలె. ఆనాడు పెండ్లిబిడ్డను నీకేం కావాలె అని అడిగేటోళ్లు కాదు. అన్నీ పెద్దలే తేల్చేటోళ్లు. ఆ పద్ధతిని నేను వెనకేసుకురాను. ఈ కాలం పిల్ల నోరు తెరిచి వద్దంటున్నది, అది మంచికే. హాల్‌మార్క్ కూడా మంచిదే. 2021 జూన్‌ల దాన్ని తప్పనిసరి చేసుడు మొదలుపెట్టిన్రు. 2023 ఏప్రిల్ సంది ఆరు అక్షరాల గుర్తు సంఖ్య లేకుండ దుకాణంల అమ్మొద్దు. ఫోన్ల ఆ సంఖ్య కొడితే బంగారం ఎంత స్వచ్ఛమో తెలుస్తది. వెనకట నమ్మకం తప్ప వేరే దిక్కు లేకపోయేది.

కాని బంగారం నిఖార్సుదైతే సరిపోతదా? మా పిల్ల ఉంగరం సంగతి కనుక్కుంటే తెలిసింది ఇది. కంప్యూటర్ బొమ్మ నుంచి మిషను మైనం ఉంగరం చేస్తది. దాని చుట్టు అచ్చు ముద్ద పోసి, మైనం కరిగించి, ఆ బోలులకు బంగారం పోస్తరు. అంటే మైనం ఉన్నదాంక ఏ మార్పన్నా చేసుకోవచ్చు, ఖర్చు కొంచెమే. పోత పోసినంక చెప్తే కరిగించుడే దిక్కు. ఇంత సులువైన చోటు వాళ్ల పనిల ఉండంగ, "అమ్మా, మైనం తయారైంది, వచ్చి వేలికి పెట్టి చూసుకో" అని ఒక్క ఫోన్ చెయ్యలేదు. మా అవుసలాయన మూస ముందు అడిగిన మాట అది. చీటీ మీద మాత్రం సన్న అక్షరాలల్ల, ఆర్డర్ మీద చేసిన సరుకు వాపసు లేదని ఇంగ్లీషుల అచ్చేసి ఉంచిన్రు.

తెల్ల బంగారం ముచ్చట కూడా ఎవ్వరు విప్పి చెప్పరు. బంగారం పుట్టుకతోటి పచ్చనిదే. అందుల పల్లాడియమో నికెలో కలిపి తెల్లగ చేసి, మీద రోడియం పూత వేస్తరు. రోజూ తొడిగితే పూత అరుగుతది, లోపలి రంగు బయటపడతది, మల్ల పూత వేయించాలె. కొందరి తోలుకు నికెల్ పడదు, దురద లేస్తది. గంటకొకసారి చేతులు కడిగే పిల్లకు ఆ ఉంగరం ఎవరు చెప్పిన్రు?

ఇంకొకటి, ధర పెట్టిన తొందర. 2025 ఏప్రిల్‌ల పది గ్రాముల మేలిమి బంగారం మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. నా లగ్గం నాడు రెండు వందలు కూడా లేకుండె. రేపు ఇంకెంత పెరుగుతదో అని బొమ్మ సరిగ్గ చూడకముందే బయానా కట్టిస్తున్నరు. ఆ భయం దుకాణపోళ్లకు బాగ అక్కరకొస్తది. వద్దన్న నాడు లెక్క చూడుండ్రి. బంగారానికి తూకం ప్రకారం ఇస్తరు. తరుగు పోయే, కూలి పోయే, అన్నిటి మీద కట్టిన నూటికి మూడు రూపాయల జీఎస్టీ పోయే.

మేం దుకాణపోళ్లను అడిగింది పెద్ద కోరిక కాదు. లగ్గపు ఉంగరం గీయించుకునేటోళ్లకు ముందుగాల వెండిల గాని ఇత్తడిల గాని నమూనా చేసి ఇయ్యుండ్రి. వారం పది దినాలు తొడుక్కొని తిరగనియ్యుండ్రి. అన్నం కలపనియ్యి, బట్టలు పిండనియ్యి, బండి నడపనియ్యి, మా పిల్ల తీర్గ రబ్బరు తొడుగులు తొడగనియ్యి. అప్పుడు వద్దంటే వద్దు, సరే అంటే మూస పెట్టుండ్రి. మేనేజరు విన్నడు, తల ఊపిండు, "పైవాళ్లకు చెప్తం సార్" అన్నడు.

పిల్లదాని ఉంగరం మొన్న కరిగిపోయింది. రాళ్లు విప్పి కాగితంల చుట్టి ఇచ్చిన్రు, కూలి దక్కలేదు. బంగారం పట్టుకొని బోధన్‌ల ఇంకా కుంపటి ముందు కూసుంటున్న ఒక అవుసలాయన దగ్గరికి పోయినం. ఆయన మొదలు పిల్లను ఏం పని చేస్తవ్ బిడ్డా అని అడిగిండు, తర్వాత దారం తీసిండు. రాయి లేకుండ, అంచు గుండ్రంగ, ఇరవై రెండు క్యారెట్ల పచ్చ బంగారంల సాదా ఉంగరం చేస్తున్నడు. తక్కువ పడ్డ బంగారం నేనే పెట్టిన. పిలగాని ఉంగరం మాత్రం అట్లనే ఉన్నది, సగం గుండెతోటి. జోడు కుదరలేదని వాళ్లక్క ఒకటే నస. ఆ పిలగాడు మంచోడు, "తాతా, నాది కూడా కరిగిచ్చి ఆయనతోటే చేయిద్దాం" అన్నడు. నేనే వద్దన్న. ఇప్పటికి పోయిన కూలి చాలు, అవసరమైతే లగ్గమైనంక చూసుకుందురు.