మినిమం గ్యారంటీ బావ

సినిమా చూసొచ్చి ‘యావరేజ్’ అంటే మా బావ ఏమీ అనుకోడు. అదే మాట గ్రాఫిక్స్ కార్డు గురించి అన్నామా, అయిపోయామే. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, లుంగీ సర్దుకుని, “యావరేజ్ సరేరా, మినిమం ఎంత?” అంటాడు. ఆ తర్వాత మనకి ఎంత అర్జెంటు పనున్నా గంటకి తక్కువ వదలడు. అది ఆయన మినిమం.

ఇలాంటి మనిషి ఇప్పుడు అపార్ట్‌మెంటుకి ఒకడు తేలుతున్నాడు. కుర్రతనంలో ఆడటానికి కంప్యూటర్ లేదు. కంప్యూటర్ కొనుక్కునే నాటికి ఆడే తీరిక లేదు. అందుకని కొలతల్లో పడ్డాడు. తెర మీద ఆట నడుస్తూనే ఉంటుంది, ఆయన చూపు మాత్రం ఎడమ పక్క పై మూలన సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో చెబుతూ పచ్చగా గెంతుతున్న అంకె మీద ఉంటుంది. ఎదుటివాడు తుపాకీ పేల్చినా పట్టించుకోడు. “చూశావా, పొగ లేచేసరికి 41కి పడిపోయింది!” అంటాడు. అప్పటికి ఆటలో తను పోయి పది సెకన్లయి ఉంటుంది.

కిందటి దసరాకి మా మేనల్లుడికి కార్డు కొనాలని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరుందిగానీ, అలా పిలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కొట్టు కుర్రాడు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది తీస్కో అన్నా. యావరేజ్ 90 కొడతది.”

“పడితే ఎంతకి పడుద్ది?”

కుర్రాడు కంగారుపడ్డాడు. “ఎందుకు పడ్తదన్నా? స్క్రూలు టైట్‌గ బిగిస్తం. బరువున్నదనుకుంటే కింద ఆపేటందుకు స్టాండు కూడ ఉంది.”

వాణ్ణి తప్పుపట్టలేం. ఈ కాలం పెద్ద కార్డులు కిలో దాటి తూగుతున్నాయి, బిగించిన చోటే నడుం వంగిపోతున్నాయి, వాటికి నిజంగానే ఊతకర్రలు అమ్ముతున్నారు. బావ మాత్రం బిల్లు పుస్తకం లాక్కుని వెనక పేజీలో మొదలెట్టాడు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదాని వాటా దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఇప్పుడు 59 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో పరిగెత్తుకొచ్చాయనుకో, మొత్తం 590. మిగిలిన ఒక్కటీ 410 తినేసిందనుకో. లెక్కకి సెకనుకి 60 వచ్చినట్టే, డబ్బా మీద 60 అని వేసుకోవచ్చు. కానీ ఆ ఒక్క ఫ్రేము దగ్గర బొమ్మ అర సెకనుకి కాస్త తక్కువ బిగుసుకుపోయింది. “ఆ లోపల వాడు మనల్ని కాల్చి, పాతిపెట్టి, ఇంటికెళ్లిపోతాడు” అన్నాడు.

కుర్రాడి మొహం వెలిగింది. “మా బస్‌స్టాప్ లెక్కనే ఉందన్నా! గంటకి ఆరు బస్సులంటరు. యాభై నిమిషాలు ఒక్కటి రాదు. ఆ తర్వాత ఆరింటికి ఆరు పెండ్లి బరాత్ లెక్క వస్తయ్.”

బావ వాణ్ణి కౌగిలించుకున్నంత పని చేశాడు. బిల్లులో మాత్రం రూపాయి తగ్గలేదు.

తిరిగి వచ్చే దారంతా పురాణ కాలక్షేపం. 2011లో టెక్ రిపోర్ట్‌లో స్కాట్ వాసన్ అనే ఆయన, సెకనుకి ఎన్ని ఫ్రేములని కాదు, ఒక్కో ఫ్రేముకి ఎంతసేపని అడగండయ్యా అని రాశాడట. బావ ఆ సంవత్సరాన్ని తన పెళ్లి సంవత్సరం కంటే గట్టిగా గుర్తుపెట్టుకున్నాడు. 2013లో ఎన్విడియా వాళ్లు ప్రతి ఫ్రేము అంచునా ఒక రంగు పట్టీ వేసి, తెరకి వెళ్లే వీడియోనే పట్టి లెక్కపెట్టే ఎఫ్‌క్యాట్ అనే పద్ధతి తెచ్చారు. అప్పుడు రెండేసి కార్డులు జోడించుకున్నవాళ్ల గుట్టు బయటపడింది. లెక్కకెక్కిన ఫ్రేముల్లో కొన్ని తెర మీద సన్నటి గీతంత మేరే కనపడుతున్నాయి, మస్టర్ రోల్లో పేరుండి పనిలో కనపడని కూలీల్లా.

బావ చెప్పే కథల్లో జీటీఎక్స్ 970ది అరణ్యపర్వం. నాలుగు జీబీల మెమరీ అని అమ్మిన కార్డులో చివరి అర జీబీ నత్తనడక అని 2015లో తేలింది. అమెరికాలో కేసు పడితే కొన్నవాళ్లకి తలా 30 డాలర్లిచ్చి కంపెనీ రాజీపడింది. “నాలుగు గదుల ఇల్లన్నారు. మూడున్నర గదులు ఇంట్లో ఉన్నాయి, అర గది పెరటి గోడ అవతల ఉంది” అంటాడు బావ. కార్డు మెమరీ నిండితే మదర్‌బోర్డు మీది ర్యామ్ దగ్గరికి చేబదులుకి పరిగెత్తాలి. ఆ పరుగు యావరేజ్‌లో పెద్దగా తెలియదు. ఆడేవాడి వేళ్లకి తెలుస్తుంది.

అంతవరకూ బాగానే ఉంది. నాకు పేచీ వచ్చేది ఇక్కడే. మినిమం అంటే మొత్తం ఆటలో ఒక్క క్షణం సంగతి. ఆట సేవ్ అవుతున్నప్పుడు కావచ్చు, కొత్త ఊరు లోడవుతున్నప్పుడు కావచ్చు, యాంటీవైరస్ ఒళ్లు విరుచుకున్నప్పుడు కావచ్చు, అందులో కార్డు పాపం ఆవగింజంతైనా లేకపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ‘ఒక శాతం లో (low)’ అంటున్నారు. నిమిషానికి 3,600 ఫ్రేములొస్తే అన్నిటికంటే నెమ్మదైన 36 తీసి చూడటం. ఆ 36కీ సగటు కట్టాలా, 36వ దాని దగ్గర గీత గియ్యాలా అని అందులో మళ్లీ రెండు మఠాలు. బావకి ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా రాత్రిపూట ఆ ఒక్క అంకె కోసమే కళ్లు కాయలు కాసేలా కూర్చుంటాడు. మనసు మాట వినదట.

ఈ జబ్బు ఇంట్లోకీ పాకింది. మా చెల్లికి సంబంధం వచ్చినప్పుడు, అబ్బాయి చాలా నెమ్మదస్తుడని మధ్యవర్తి చెబుతున్నాడు. బావ అడ్డుపడ్డాడు. “మామూలు రోజుల్లో సరేనండీ. కరెంటు పోయి, కూరలో ఉప్పెక్కువై, అదే రోజు జీతం పడకపోతే ఎలా ఉంటాడు?” పెళ్లయిన పద్నాలుగేళ్లలో మా అక్క ఆయన మాటకి తలూపడం నేను చూసింది అప్పుడే.

కార్డు బిగించిన రాత్రి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పెట్టాడు. యావరేజ్ 74. మినిమం 9. ఆ తొమ్మిది చూసి, పరీక్ష తప్పిన కొడుకు మార్కుల కార్డు చూసినట్టు చూశాడు. డ్రైవర్ మార్చాడు. కార్డు ఊడదీసి మళ్లీ బిగించాడు. ర్యామ్‌ని రబ్బరుతో తుడిచాడు. మూడు రాత్రులు, తొమ్మిది తొమ్మిదిలాగే ఉంది. నాలుగోనాడు కార్డు వాపసివ్వడానికి డబ్బా సర్దుతుంటే, మేనల్లుడు కంప్యూటర్ ఆన్ చేసి, అడుగున వరసగా నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసి, ఆట మొదలెట్టాడు. గుర్రం మంచు మీద వెన్నలో కత్తిలా పోతోంది.

“ఏం మూశావురా?”

“నువ్వు పెట్టినవే నాన్నా. వేడి కొలిచేదొకటి, కరెంటు కొలిచేదొకటి, ఫ్రేములు కొలిచేవి రెండు. అవే ఆపుతున్నాయి.”

బావ కుర్చీ వెనక నిలబడ్డాడు. గుర్రం వాగు దాటింది, కొండెక్కింది. ఆయన మాత్రం తెర పై మూల, అంకె ఉండాల్సిన ఖాళీ చోటుకేసే చూస్తున్నాడు.

“బాగానే పోతోంది కదా బావా” అన్నాను.

“పోతున్నట్టే ఉందిరా. కానీ ఎంత బాగా పోతోందో తెలిసేదెలా?” అని, మెల్లిగా మౌస్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.