పాయింట్ల జ్వరం

మన ఊళ్లలో ఏ జ్వరానికైనా పేరు ఒకటే: టైఫాయిడ్. రోగి గుమ్మం తొక్కగానే అది ఖాయం. రక్తపరీక్ష ఉత్త లాంఛనం. చీటీలో 1:80 అని పడితే చాలు, ‘పాయింట్లు ఎక్కువున్నాయమ్మా, అడ్మిట్ చేసేయండి’ అంటారు. ఎన్నికల ఓట్లకు లేని పలుకుబడి ఈ పాయింట్లకు ఉంది.

వైడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో చెప్పిన పరీక్ష ఇది. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, అంకె నాలుగింతలైతేనే నమ్మాలన్నది పుస్తకం మాట. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కీ, ఒక్కోసారి మలేరియాకీ కూడా పాయింట్లు పడతాయి. బ్లడ్ కల్చర్ చేయిస్తే అసలు గుట్టు తేలొచ్చు. కానీ రెండు మూడు రోజులు ఆగాలి. ఈలోగా జ్వరం దానంతటదే తగ్గిపోతే బెడ్డు అద్దె ఎవరిస్తారండీ?

మా పెదనాన్నకూ ఈ వైద్యమే జరిగింది. కిటికీ ఊచకు వేలాడదీసిన సెలైన్ సీసా ఖాళీ అయి, రక్తం గొట్టంలోకి ఎగదన్నుతుంటే పెద్దమ్మ కేకలేసింది. సిస్టర్ ‘వస్తున్నా’ అంది. ఆమె వచ్చేలోపు పక్కమంచం రోగి తాలూకు కుర్రాడే చక్రం తిప్పి ఆపాడు. బిల్లులో మాత్రం ‘నర్సింగ్ చార్జీలు’ విడిగా వేశారు.

ఒళ్లంతా ఎర్రటి చుక్కలు తేలాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డెంగీ అన్నారు. తిరిగొచ్చి నిలదీస్తే మన డాక్టరుగారు తొణకలేదు:

‘టైఫాయిడ్ మేం తగ్గించేశాం. డెంగీ అక్కడ అంటుకుని ఉంటుంది.’