తొక్కు బంతి

ఆర్నెల్లు అమెరికాలో కొడుకింట్లో ఉండి కరీంనగర్ జిల్లా చొప్పదండికి తిరిగొచ్చే తల్లిదండ్రులు ఇదివరకు చాక్లెట్లు తెచ్చేవారు. ఇప్పుడు ఒక వార్త కూడా మోసుకొస్తున్నారు. అక్కడి పార్కుల్లో టెన్నిస్ ఆడేవాళ్లకూ పికిల్‌బాల్ ఆడేవాళ్లకూ పడటం లేదట. గెట్టు తగాదాలు చూసి పెరిగిన మనిషికి ఇది అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు. పికిల్ అంటే మన తొక్కే. పేరుకు తగ్గట్టే అది టెన్నిస్‌ను తొక్కుకుంటూ పోతోంది.

ఈ ఆట పుట్టుకే సర్దుబాటు. 1965లో వాషింగ్టన్ రాష్ట్రం, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే మిత్రులు ఇంటి దగ్గరి షటిల్ కోర్టులో ఆడదామనుకున్నారు. సామాను సరిగా దొరకలేదు. పింగ్‌పాంగ్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకుని మొదలుపెట్టారు. బార్నీ మెకల్లమ్ చేయి కలిపాక నియమాలు, చెక్క బ్యాట్లు కుదిరాయి. 2022లో ఆ రాష్ట్రం దీన్ని తన అధికారిక క్రీడ చేసుకుంది. 2024 నాటికి అమెరికాలో ఆడేవాళ్లు దాదాపు 2 కోట్లు.

తగాదా అంతా భూమి దగ్గరే. చుట్టూ వదిలే జాగాతో కలిపి టెన్నిస్ కోర్టుకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. పికిల్‌బాల్ గీతల మధ్య కొలత 44 అడుగులు, 20 అడుగులే. ఒక టెన్నిస్ కోర్టులో నాలుగు పడతాయి. నలుగురు ఆడేచోట పదహారు మంది. ఎకరాల్లో ఉన్న పొలం నాలా కన్వర్షన్ అయ్యి గజాల్లోకి దిగితే ఏమవుతుందో కరీంనగర్ రోడ్డు పక్కన ఎవరినడిగినా చెబుతారు. టెన్నిస్ పొలం, పికిల్‌బాల్ వెంచర్. 2024 వింబుల్డన్‌లో జొకోవిచ్ వెళ్లబోసుకున్న దిగులూ ఇదే: క్లబ్బులకు చిన్న కోర్టులే గిట్టుబాటు, చూసుకోకపోతే టెన్నిస్ కోర్టులన్నీ ప్యాడెల్ అనే మరో రాకెట్ ఆటకూ పికిల్‌బాల్‌కూ పోతాయని. హైదరాబాద్‌లో మేడల మీద కూడా గీతలు గీసి గంటల లెక్కన కిరాయికిస్తున్నారు.

చొప్పదండికి ఈ పోరు రావాలంటే ముందు పార్కులో టెన్నిస్ కోర్టు కట్టాలి, దానికి శంకుస్థాపన జరగాలి, ఆ తర్వాత కదా కూల్చేది! అయితే మార్చే విద్యలో మాత్రం మనవాళ్లు అమెరికాకు పాఠం చెప్పగలరు. 2001 మే 17న కరీంనగర్ ఎస్సారార్ కాలేజీ మైదానం టీఆర్ఎస్ సింహగర్జన సభ అయింది. కోతలప్పుడు బడి మైదానం వడ్ల కల్లమవుతుంది, ఎన్నికలప్పుడు సభాస్థలి, పండుగకు బతుకమ్మ వాకిలి. గీత చెరిపినందుకు ఎవరూ కోర్టుకెక్కరు, అసలు గీత ఉంటే కదా.

2022 జూన్ 2న రాష్ట్రంలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలైనప్పుడు వాలీబాల్, ఖోఖో, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు కడ్డీలు రాశారు. పికిల్‌బాల్ ఊసు లేదు. ఇక రాస్తారేమో. ఎందుకంటే ఇందులో మన మగవాళ్లకు భలే నచ్చే నియమం ఒకటుంది. వలకు అటూ ఇటూ ఏడేసి అడుగుల జాగాను ‘కిచెన్’ అంటారు. అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొడితే ఫౌల్. వంటింట్లోకి వెళ్లకపోవడానికి ఇన్నాళ్లకు ఒక అంతర్జాతీయ నియమం దొరికింది.

ఇంకొక శుభవార్త. పికిల్‌బాల్ కోర్టు కొలతలు, షటిల్ డబుల్స్ కోర్టు కొలతలు అచ్చంగా ఒక్కటే. చలికాలం వీధి దీపం కింద పిల్లలు సున్నంతో గీసుకునే ఆ కోర్టే చాలు. షటిల్ వల గుంజల దగ్గర ఐదడుగుల ఒక అంగుళం ఎత్తు, దీనికి మూడడుగులు. దేన్నీ కూల్చనక్కర్లేదు. కాబట్టి పెద్దలారా, టెండరు పిలిచేలోపు ఒక్క సాయంత్రం ఆ వలను ఇరవై ఐదు అంగుళాలు కిందికి కట్టి చూడండి.