నామఫలక సూత్రాలు: సటీకా తాత్పర్యం

దుకాణం నెత్తిన బోర్డు ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఏ లిపిలో ఉండాలి అన్న శాస్త్రానికి హైదరాబాదులో ప్రస్థానత్రయం ఉంది. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం మొదటిది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం, దాని కింద చేసిన నియమాలు రెండోది. తెలంగాణ పురపాలక శాఖ 2020 ఏప్రిల్ 20న ఇచ్చిన 68వ నంబరు జీవో మూడోది. వ్యాపారి నిద్ర చెడగొట్టే శక్తి ఈ మూడోదానికే ఎక్కువ.

శాస్త్రారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పడం ఆచారం. విషయం బోర్డు. ప్రయోజనం నగరానికి అందం, బాటసారి తలకాయకు క్షేమం. బోర్డుకూ నగరానికీ సంబంధం చలానా. అధికారి ఎవరో విడిగా చెప్పనక్కర్లేదు. మూలం ఇంగ్లీషులో, అందులోనూ జీవోల ఇంగ్లీషులో ఉన్నందువల్ల కంఠస్థానికి వీలుగా ఇక్కడ అయిదు సూత్రాలుగా కుదించడమైంది.

ప్రథమ సూత్రం: నేలనుండి పదిహేనడుగులకు మీద ప్రకటన కూడదు.

నేలనుండి = రోడ్డు మట్టం నుంచి; పదిహేనడుగులకు మీద = నాలుగున్నర మీటర్లు దాటిన చోట, అనగా ఇంచుమించు మొదటి అంతస్తు కిటికీ దగ్గర; ప్రకటన = ఇనుప చట్రం, రేకు, ఫ్లెక్సీ మొదలైనవి; కూడదు = కూడదు.

ఆకాశం మీద మునిసిపాలిటీలు పెత్తనం చేయడం కొత్త సంగతి కాదు. లండన్‌లో 1891లోనే ఆకాశ చిహ్నాల మీద ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ భావన బొంబాయి కార్పొరేషన్ చట్టంలోకీ, తర్వాత హైదరాబాదు 1955 చట్టంలోకీ ప్రవేశించింది. భవనం మీద నిలబెట్టిన అక్షరం గానీ బొమ్మ గానీ వీధిలో ఏదో ఒక చోటినుంచి చూసినప్పుడు వెనక ఆకాశం కనబడేలా ఉంటే అది ఆకాశ చిహ్నం. ప్రకటన కోసం ఎగరేసే బెలూను, పారాచూట్ కూడా ఈ నిర్వచనంలోకే వస్తాయి. కిరాణా కొట్టుకు పారాచూట్ కట్టినవాడు ఇంతవరకు కనబడలేదు గానీ, శాస్త్రమన్నాక ముందుచూపు ఉండాలి.

సూత్రకారుడి భయం నిజమైనదే. వానాకాలం ముందు వచ్చే ఈదురుగాలులకు హోర్డింగులు కూలడం హైదరాబాదు ఎరిగినదే. ముంబయి ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న పెట్రోలు బంకు మీద కూలి 17 మందిని చంపిన హోర్డింగు నూట ఇరవై అడుగుల పొడవు, నూట ఇరవై అడుగుల వెడల్పు. అక్కడ అనుమతించే గరిష్ఠ పరిమాణం నలభైకి నలభై.

శంక: హోర్డింగుల సంగతి సరే, పై అంతస్తులో కొట్టు పెట్టుకున్నవాడి గతి ఏమి?

సమాధానం: మెట్ల దగ్గర చిన్న బోర్డు. ఈ సమాధానం వినడానికి బాగుంటుంది. కానీ పై అంతస్తుకు ఎవరెక్కుతారో చూడాలి. కింది షట్టరు అద్దె ఇచ్చుకోలేని టైలరు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పళ్ల డాక్టరు, ట్యూషన్ మాస్టారు, లేడీస్ హాస్టల్, బ్యూటీ పార్లరు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే కోచింగ్ సెంటర్లు చాలావరకు మేడల మీదే బతికాయి. జావా, పైథాన్ అంటూ మేడ ముఖమంతా కప్పిన బోర్డులే వాటికి చిరునామా. ఆ బోర్డులు చూడముచ్చటగా ఉంటాయని ఎవరూ అనరు. అవి లేకపోతే మూడో అంతస్తులో ఏముందో రోడ్డు మీదివాడికి తెలియదన్నదీ అంతే నిజం. పదిహేనడుగుల గీత గాలివాన నుంచి అందరినీ ఒకేలా కాపాడుతుంది. వ్యాపారం పోయేది మాత్రం గీతకు పైనున్న వాళ్లకే. ఒకే మెట్ల దారికి పది బోర్డులు వేలాడితే ఏదీ చదవబుద్ధి కాదు.

ద్వితీయ సూత్రం: ముఖభాగంలో నూటికి పదిహేను పాళ్లు మించిన పేరు ప్రకటన అగును.

శాస్త్రమంతటికీ ఇది గుండెకాయ. దీనికి వ్యాఖ్య ఎంత రాసినా తక్కువే.

మీమాంసకులు వేదవాక్యాన్ని విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని అయిదుగా విడదీశారు. దుకాణం బోర్డు మీద ఇందులో రెండు విస్పష్టంగా కనబడతాయి. “శ్రీ లక్ష్మీ కిరాణా అండ్ జనరల్ స్టోర్స్” అన్నది నామధేయం. “మా వద్ద నాణ్యమైన సరుకులు సరసమైన ధరలకు లభించును” అన్నది అర్థవాదం, అంటే స్తుతి. “నేడు నగదు, రేపు అప్పు” అన్నది విధినిషేధాలు రెండూ కలిసిన వాక్యం గనుక పండితులు దాని జోలికి పోరు. నామధేయం వస్తువును గుర్తుపట్టడానికి, అర్థవాదం మనిషిని ఆకర్షించడానికి. మొదటిది లేకపోతే దుకాణమే లేదు. రెండోది లేకపోయినా ఉప్పూ పప్పూ అమ్ముడవుతాయి.

సుప్రీంకోర్టు ఈ భేదాన్ని అంగీకరించింది. ఐసీఐసీఐ బ్యాంకుకూ బొంబాయి కార్పొరేషన్‌కూ నడిచిన వ్యాజ్యంలో 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఏటీఎం ఎక్కడుందో తెలియజెప్పే బోర్డు అంతమాత్రాన ప్రకటన కాదు. ప్రకటన కావాలంటే అందులో వాణిజ్య లబ్ధి కోసం జనాన్ని పిలిచే గుణం ఉండాలి. విద్యుత్ శాస్త్రానిది కూడా ఇదే మార్గం. తెలుగు రాష్ట్రాల టారిఫ్ ఉత్తర్వుల్లో ప్రకటనల హోర్డింగులకు విడిగా ఒక విభాగం, మామూలు వాణిజ్య రేటుకన్నా ఎక్కువ రేటు ఉన్నాయి. కానీ దుకాణం తన పేరూ వివరాలూ చూపించుకోవడానికి వెలిగించే దీపాన్ని అందులోంచి మినహాయించి, ఆ దుకాణం మామూలు రేటులోనే లెక్కించారు. కరెంటు ఆఫీసు వాళ్లు మీమాంస చదివారని ఎవరూ అనుకోరు. అయినా విషయం వాళ్లకు తట్టింది.

ద్వితీయ సూత్రం ఈ గుణభేదాన్ని పక్కన పెట్టి టేపు చేతికి తీసుకుంటుంది. పదిహేను పాళ్ల దాకా నామధేయం, పదహారో పాలు నుంచి అర్థవాదం. బోర్డు మీద ఉన్న మాట మారకపోయినా దాని వెడల్పు మారితే జాతి మారుతుంది.

ఉదాహరణం: పదడుగుల షట్టరు, పన్నెండడుగుల ఎత్తు గల కిరాణా కొట్టు. ముఖభాగం 120 చదరపు అడుగులు. అందులో పదిహేను శాతం 18. అంటే తొమ్మిదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉన్న పలక. ప్రత్యుదాహరణం: అదే వీధిలో వందడుగుల ముఖం, అరవై అడుగుల ఎత్తు గల వస్త్రాలయం. ముఖభాగం 6,000, పదిహేను శాతం 900 చదరపు అడుగులు. శాతం సమానం, బోర్డు యాభై రెట్లు. పేరు పొందిన షోరూముకు బోర్డు లేకపోయినా జనం వెతుక్కుంటూ వస్తారు, నిన్న తెరిచిన కొట్టుకే బోర్డు అక్కర ఎక్కువ. ఘాట్‌కోపర్‌లో కూలిన ఆ హోర్డింగులో ఇలాంటి కిరాణా బోర్డులు సరిగ్గా ఎనిమిది వందలు పడతాయి. రెంటినీ ఒకే జీవోలో పట్టించడం సూత్రకారుడి లాఘవం.

పాఠాంతరం: బ్రెజిల్‌లోని సావోపాలో ప్రతిలో ఈ సూత్రం వేరుగా ఉంది. 2007లో అమలుకు వచ్చిన ఆ నగర చట్టం హోర్డింగులను మొత్తంగా తీసేసి, దుకాణాల పేర్లకు మెట్లు కట్టింది. ముఖం పది మీటర్ల లోపుంటే ఒకటిన్నర చదరపు మీటర్లు. పది నుంచి వంద మీటర్ల లోపుంటే నాలుగు చదరపు మీటర్లు. అంటే చిన్న కొట్టుకు పదహారు చదరపు అడుగులు, మన వస్త్రాలయం అంత దానికి నలభై మూడు. చిన్నవాడికి రెండుచోట్లా దాదాపు ఒకటే దక్కుతుంది. పెద్దవాడి దగ్గరికి వచ్చేసరికి సావోపాలో పాఠమే బిగువుగా ఉంది. పరిష్కర్తలు ఈ పాఠాన్ని గమనించినట్టు లేదు.

ఇక కంపెనీ బోర్డు. కూల్‌డ్రింకు, పెయింటు, బిస్కెట్ కంపెనీలు కొట్టువాడికి ఉచితంగా బోర్డు చేయించి బిగిస్తాయి. ముప్పావు వంతు సీసా బొమ్మ, అడుగున పట్టీలో దుకాణం పేరు. ఇక్కడ నామధేయం అర్థవాదానికి అంగమైపోయింది. అద్దె లేకుండా గోడ దొరికినందుకు కంపెనీ సంతోషం, డబ్బు పెట్టకుండా బోర్డు వచ్చినందుకు కొట్టువాడి సంతోషం. దీన్ని ప్రకటన అనకుండా ఎవరూ ఉండలేరు, అనడం న్యాయమే. అయితే ఫొటోలో కనబడే చిరునామా కొట్టుదే గనుక నోటీసు కొట్టుకే వస్తుంది. సీసా బొమ్మ కంపెనీ ఏజెంటు ఆ నెల ఫోన్ ఎత్తడు.

తృతీయ సూత్రం: మెరవరాదు, కదలరాదు.

దీపం స్థిరంగా వెలగవచ్చు. మినుకుమనకూడదు, పరుగెత్తకూడదు, గుండ్రంగా తిరగకూడదు. డ్రైవరు కళ్లు చెదరకుండా ఉండడానికి పెట్టిన నియమమని తేలికగానే తెలుస్తుంది, ఇందులో వివాదం లేదు. ఆకుపచ్చ ప్లస్ గుర్తు మినుకు మినుకుమనే మందుల షాపులు, “మొబైల్ రిపేర్” అని అక్షరాలు పరుగెత్తే చిన్న ఎల్‌ఈడీ పలకలు ఈ సూత్రానికి లక్ష్యాలు. మీట నొక్కి స్థిరంగా పెట్టుకుంటే సరిపోతుంది.

చతుర్థ సూత్రం: తెలుగు పైన, తక్కినవి క్రింద.

ఇది రెండో ప్రస్థానంలోనిది. దుకాణం పేరు తెలుగులో ఉండాలి. ఇతర భాషలు వాడితే అవి తెలుగు కింద రావాలి. దీని అమలు కార్మిక శాఖది, కొలతలు కార్పొరేషన్‌వి. ఒకే రేకుకు ఇద్దరు దేవతలు.

ఇరుగుపొరుగు శాఖల్లో ఈ సూత్రం మరింత పదునుగా కనబడుతుంది. తమిళనాడులో తమిళం, ఇంగ్లీషు, ఇతర భాషలకు 5:3:2 పాళ్లు. కర్ణాటకలో 2024 సవరణతో కన్నడానికి అరవై శాతం. బెంగళూరులో ఆంధ్రా మెస్ పెట్టుకున్నవాడు గోంగూర ఏ ఊరిదైనా బోర్డు మాత్రం ఆ లెక్కన రాయించుకోవాలి. మహారాష్ట్రలో మరాఠీ బోర్డులకు సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రెండు నెలల గడువిచ్చింది. గొలుసు దుకాణాలు బోర్డులు మార్చే పని హెడ్డాఫీసు ఖాతాలో వేసుకుంటాయి. చిన్న కొట్టువాడికి కొత్త ఏసీపీ షీటు, కొత్త అక్షరాలు అంటే నెల లాభంలో కోత.

హైదరాబాదులో “ఫ్యాషన్ వరల్డ్” అని తెలుగు లిపిలో రాస్తే సూత్రం తృప్తి పడుతుంది గనుక భాషాభిమానులకు ఈ సూత్రం మీద పెద్దగా ఆశలు లేవు. అసలు చిక్కు అది కాదు. ద్వితీయ, చతుర్థ సూత్రాలను కలిపి అన్వయించినప్పుడే అది బయటపడుతుంది. పాతబస్తీ అంచున ఉన్న ఒక కొట్టుకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కావాలి. గిరాకీ మూడు భాషలదీ. రెండడుగుల ఎత్తు పలకను మూడు వరుసలు చేస్తే వరుసకు ఎనిమిది అంగుళాలు. ఇంగ్లీషు పెద్దక్షరం ఆ ఎనిమిది అంగుళాలనూ నిండుగా ఆక్రమిస్తుంది. తెలుగు అక్షరానికి నెత్తిన గుడి, దీర్ఘం, కింద ఒత్తు. “స్టోర్స్” అన్న మాటకు పైన ఓత్వం, కింద రెండు ఒత్తులు పెట్టాక అక్షరం ఒంటికి మిగిలేది సుమారు సగం. కాబట్టి చదరపు అడుగుల్లో కొలిచే నిబంధన ఏ లిపి పేరూ ఎత్తకుండానే తెలుగు లిపిని కుదిస్తుంది. తెలుగును పైకెక్కించమని ఒక శాఖ, బోర్డును తగ్గించమని మరొక శాఖ చెప్పగా, మధ్యలో డిజైన్ చేసే కుర్రవాడు ముందు ప్రొప్రైటరు పేరు తీసేస్తాడు, తర్వాత ఫోన్ నంబరు, చివరికి ఉర్దూ వరుస.

పంచమ సూత్రం: అతిక్రమణకు దినదినము దండనము.

దినదినము = ఒక్కసారి కట్టి ఊరుకోవడానికి వీల్లేకుండా; దండనము = ఎత్తు మీరితే రోజుకు లక్ష రూపాయలు, మెరిస్తే రోజుకు యాభై వేలు.

ఈ అంకెలు హోర్డింగు ఏజెన్సీలను మనసులో పెట్టుకుని రాసినవి. నెలకు లక్షల్లో అద్దె వచ్చే యూనిపోల్ యజమానికి వెయ్యి రూపాయల జరిమానా ఒక ఖర్చు పద్దు మాత్రమే అవుతుంది గనుక పెద్ద అంకె వేయడంలో యుక్తి ఉంది. అదే అంకె కిరాణా కొట్టు ముందు నిలబెడితే శిక్షగా కాక సంఖ్యాశాస్త్ర వినోదంగా కనబడుతుంది. దండం నేరం కొలతను బట్టి ఉండాలని ధర్మశాస్త్రాలు కూడా ఒప్పుకుంటాయి.

అమలు ఫొటోతో, కంప్యూటరుతో జరుగుతుంది. రోడ్డు మీద బోర్డును ఫొటో తీసి ఎక్కిస్తే ఈ-చలానా తయారవుతుంది. ఈ విధానం తొలి రోజుల్లో గోడకు అంటించిన టు-లెట్ కాగితాలను కూడా వదల్లేదు. మూలంలో లేనిది రాయకూడదు, అవసరం లేనిది చెప్పకూడదు అన్నది మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి నియమం. చలానా యంత్రానికి అలాంటి నియమం లేదు. చిన్న వ్యాపారుల్లో చాలామందికి ప్రథమ సూత్రం పరిచయమయ్యేది పంచమ సూత్రం ద్వారానే. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే షట్టరు కొలిచి, ఇంత బోర్డు కట్టుకోవచ్చని ఒక కాగితం చేతికిస్తే ఈ తలకిందుల అధ్యయనం తప్పుతుంది.

ప్రక్షిప్తం: ఆంధ్ర ప్రతిలో “ఫ్లెక్సీ నిషిద్ధం” అని మరో సూత్రం కనబడుతుంది. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి దీన్ని ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు, తర్వాత 2023 జనవరి 26కు జరిపారు. ప్లాస్టిక్ సముద్రంలో చేరకూడదన్న ఉద్దేశం మంచిదే. అప్పు చేసి ప్రింటింగ్ మిషన్లు కొన్నవాళ్లు ఆందోళన పడ్డారు; గుడ్డ మీద ముద్రిస్తే ఖర్చెక్కువ. చేత్తో బోర్డులు రాసే పెయింటర్లకు మళ్లీ పని దొరుకుతుందని కొందరు వ్యాఖ్యానించారు గానీ, ఆ పెయింటర్లలో చాలామందిని ఫ్లెక్సీ అంతకుముందే గోడల రంగుల పనిలోకో, అదే ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందుకో పంపేసింది. గడువు తేదీ దాటిన తర్వాత కూడా కూడళ్లలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు వెలుస్తూనే ఉన్నందువల్ల, ఇది లక్షణం ఉండి లక్ష్యం దొరకని సూత్రంగా లెక్కకు వస్తుంది.