అప్‌డేట్ ప్రతీక్షా శాస్త్రం: కార్ఖానా పాఠం

ఏ శాస్త్రం చెప్పబోయినా ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తేల్చాలని పూర్వులు నియమం పెట్టారు. తేలుస్తున్నాం. విషయం: లావు అప్‌డేటు, సన్నని నెట్టు. ప్రయోజనం: కంప్యూటరు పాతబడకుండా, డేటా నిండుకోకుండా, ఇంట్లో మాటామాటా పెరగకుండా నెల గడపడం. సంబంధం: అప్‌డేటు రాసేవాడికీ మోసేవాడికీ మధ్య ఉన్న చుట్టరికం. అది పెద్ద కథ, దాని చోట చెప్తాం. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు. జూబ్లీ బస్‌స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద తిరుమలగిరి వైపు పోతుంటే తగిలే కార్ఖానాలో, విక్రమ్‌పురికో కాకాగూడకో తిరిగే సందులో, మూడో అంతస్తులో, స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతూ వచ్చిన తీగ చివర కూర్చున్నవాడు ఉత్తమాధికారి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే హాస్టల్ కుర్రవాడు మధ్యమాధికారి. హైదరాబాద్‌కు గిగాబిట్ లైన్లు 2017లోనే వచ్చాయి. వాటిని పెట్టించుకున్నవాళ్ళు అనధికారులు. వాళ్ళకు అప్‌డేటు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు దిగిందో కూడా తెలియదు కనుక, దయచేసి పుట తిప్పగలరు.

ముందు ముహూర్త ప్రకరణం. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన సవరణలను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. మంగళవారం మనం కొత్త పని మొదలుపెట్టం, గోళ్ళు తీసుకోం. నగరంలో చాలా సెలూన్లు ఆ రోజు షట్టరే ఎత్తవు. అలాంటి రోజును ఏరికోరి పట్టుకున్నవాళ్ళు పంచాంగం చూడలేదన్నది స్పష్టం. అక్కడ పొద్దున పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర, వాళ్ళ చలికాలంలో పదకొండున్నర. అర్ధరాత్రి దాటితే బుధవారమే కాబట్టి దోషం లేదని ఒక వర్గం వాదన. వారం లెక్క సూర్యోదయం నుంచి కాబట్టి తెల్లారేదాకా మంగళవారమేనని ఇంకో వర్గం. సన్నని నెట్టు వాళ్ళకు ఈ చర్చే అనవసరం. మంగళవారం రాత్రి మొదలైంది శుక్రవారానికి గానీ దిగదు. దోషమేదైనా ఉంటే దారిలోనే అరిగిపోతుంది.

ఈ శాస్త్రంలో అసలు ముహూర్తం తెల్లవారుజామున రెండు గంటలు. 2004 నాటి కేంద్ర బ్రాడ్‌బ్యాండ్ విధానం, సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని తీర్మానించింది. ఆ అంకెను ఎనిమిదితో భాగిస్తే గానీ కిలోబైట్లు రావని బిల్లు కట్టాక తెలిసినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవారు. మరుసటి ఏడాది మొదలైన బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌లో తర్వాత హోమ్ 500 అనే ప్లాను నడిచింది. పగటి వాడకానికి లెక్క ఉంది, రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క లేదు. ఆ ఆరు గంటలే ఈ శాస్త్రానికి స్వర్ణయుగం. అంతకుముందు మధ్యతరగతి ఇంట్లో రెండింటికి అలారం మోగితే ఊరెళ్ళే బండి ఉందనుకునేవారు. ఈ ప్లాను వచ్చాక ఇంటి పెద్దకొడుకు లేచి, మోడెం వెలిగించి, డౌన్‌లోడ్ పెట్టి, మళ్ళీ పడుకునేవాడు. గోడగడియారం అయిదు నిమిషాలు ముందుంటే ఆ అయిదు నిమిషాలూ పగటి లెక్కలో పడేవి. అందుకని గడియారాన్ని రేడియో వార్తలతో సరిచూసుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో మళ్ళీ వచ్చింది.

లెక్క చూడండి. ఆరు గంటలు, 256 కిలోబిట్లు, నడుమ ఒక్క క్షణం కూడా లైను పోకుండా ఉంటే దిగేది సుమారు 690 మెగాబైట్లు. సీడీకి పట్టేది 700. ఎవరో కూర్చుని కొలిచి పెట్టినట్టు, నిండు సీడీ ఒకటి దింపుకుందామంటే ఆఖరి పిడికెడు మిగిలి ఉండగా ఎనిమిది కొట్టేది. ఆగిన చోటి నుంచి అందుకోగల డౌన్‌లోడ్ మేనేజర్ ఉన్నవాడు మర్నాటి రాత్రి ఆ పిడికెడూ తెచ్చుకునేవాడు. లేనివాడు మళ్ళీ సున్నా నుంచి. అంతకుముందు డయల్‌అప్ యుగం గురించి చెప్పడానికి మాకు మనసొప్పదు. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ 266 మెగాబైట్లు. 56 కిలోబిట్ల మోడెం కాగితం మీది వేగంతో పనిచేసినా పదకొండు గంటలు. పదకొండు గంటలూ ఇంటి ఫోన్ ఎంగేజే. పెళ్ళివారు కబురు చేద్దామని ప్రయత్నించి ఇంకో సంబంధం చూసుకునేందుకు అది చాలినంత వ్యవధి.

మధ్యమాధికారి ముహూర్తం వేరు, రాత్రి పదకొండు దాటాక. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లానులో మిగిలింది పన్నెండింటికి మురిగిపోతుంది కనుక, ఆ శేషాన్ని ఆఖరి అరగంటలో యాప్‌ల అప్‌డేట్లకు ధారపోస్తాడు. కోటా దాటితే ప్లాను అతన్ని 64 కిలోబిట్లకు దించుతుంది. ఆ వేగంతో నాలుగు జీబీలు దిగాలంటే ఆరు రోజులకు కాస్త తక్కువ.

ఇక మతాలు. వాహకవాదులు తీగను నమ్మరు, ఆటోను నమ్ముతారు. వారి క్షేత్రం ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడో తెలిసిన కొట్టు, కొట్టులో ఒక డీవీడీ, డీవీడీలో కావలసిన సరుకంతా. డిజిట్ పత్రికను లోపలి వ్యాసాల కోసం కొన్నవారు ఎందరో గానీ, దాంతో వచ్చే డిస్కు కోసం కొన్నవారిని మేమెరుగుదుం. 2011 దాకా ఉబుంటు వాళ్ళయితే సీడీని పైసా తీసుకోకుండా పోస్టులో ఇంటికే పంపేవారు. 4.7 జీబీల డీవీడీని జేబులో వేసుకుని ట్రాఫిక్‌లో నలభై నిమిషాలకు కార్ఖానా చేరినవాడి వేగం సెకనుకు పదిహేను మెగాబిట్ల పైమాట, అంటే నాటి బ్రాడ్‌బ్యాండ్‌కు అరవై రెట్లు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎత్తు రోడ్డుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే పెన్‌డ్రైవ్ మోసేవారి బ్యాండ్‌విడ్త్ ఇంకా పెరుగుతుంది. రోడ్డు శాఖవారు ఈ ప్రయోజనాన్ని తమ కాగితాల్లో చేర్చుకోవచ్చు.

నిరోధవాదుల పద్ధతి వాయిదా. నెట్ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని ప్రకటిస్తే విండోస్ చెయ్యి ముడుచుకుని కూర్చుంటుంది. అయితే విండోస్ 10 సెట్టింగుల్లో ఈ వరం మొదట వైఫైకే దక్కింది. వైరు వాళ్ళకు 2017 దాకా మోక్షం లేదు. ఆపై ‘పాజ్’ అనే ఇంకో సాధన ఉంది: గరిష్ఠంగా 35 రోజులు, అయ్యప్ప దీక్షకు ఆరు రోజులు తక్కువ. దీక్ష విరమించగానే పాత బాకీలన్నీ ఒకేసారి మీద పడతాయి. వీళ్ళను చూసి దానవాదులు నవ్వుతారు గానీ, వాళ్ళ అవస్థ మరీ ఘోరం. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, మనం దింపుకున్న అప్‌డేటు ముక్కలను ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియనివారి కంప్యూటర్లకు మన లైను మీంచే పంచిపెట్టే ఏర్పాటు హోమ్ ఎడిషన్‌లో దానంతటదే తెరిచి ఉండేది. కార్ఖానా మూడో అంతస్తు నుంచి అలా అన్నదానం జరిగిపోతుంటే, యజమాని కేబుల్ కుర్రవాడికి ఫోన్ చేసేవాడు. “రౌటర్ ఒక్కసారి బంద్ చేసి మళ్ల ఆన్ చేయండి అంకుల్” అని వాడి శాశ్వత వ్యాఖ్యానం.

ఇప్పుడు సంబంధ ప్రకరణం. మా సిద్ధాంతం ఒక్క ముక్క: అప్‌డేటు బరువు మనకు దాని అవసరాన్ని బట్టి ఉండదు, దాన్ని రాసినవాడి ఆఫీసు లైనును బట్టి ఉంటుంది. నిదర్శనం కావాలా? మారిన చోట్లను మాత్రమే పంపి మిగతాది కదపకుండా ఉంచే ఆర్‌సింక్ పద్ధతిని 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ రూపొందించారు. తమ వ్యాసంలో వాళ్ళు దాన్ని సన్నని లైను కోసమేనని చెప్పుకున్నారు. సన్నని లైను బాధ ఎరిగినవాడు ముక్క పంపుతాడు, లావు లైను వాడు బస్తా పంపుతాడు. 2016లో మధ్య ఆఫ్రికా అడవుల్లో వేటగాళ్ళను ఆపే చింకో అభయారణ్య సంరక్షకుల ల్యాప్‌టాపులు ఉపగ్రహ నెట్ మీద అడక్కుండానే ఆరు జీబీల విండోస్ 10 దింపుకోవడం మొదలుపెట్టాయి. బస్తా ఎంత దూరం వెళ్తుందో దానివల్ల తెలిసింది.

ఇందులో మన తెలుగువారి చుట్టరికం ఏమిటంటారా? మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998లోనే హైదరాబాద్‌లో వెలిసింది. బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి పెద్ద అయ్యారు. ఏ కంపెనీ అయితేనేం, కార్ఖానా సందుల్లో విశ్రాంత ఉద్యోగి ఇంటికొక కొడుకో కోడలో ఎక్కడో అద్దాల మేడలో అప్‌డేట్లు రాస్తుంటారు. రాసేది కొడుకు, మోసేది తండ్రి. ఆదివారం వాళ్ళ సంభాషణ ఇలా సాగుతుంది:

“నాన్నా, అప్‌డేట్ చేశావా? సెక్యూరిటీది, ముఖ్యం.”

“అవుతోందిరా, మొన్నటి నుంచీ.”

“ఎంత శాతం?”

“నలభై మూడు. నిన్నా నలభై మూడే.”

“అదేంటి, నెట్ ఏమైనా స్లోగా ఉందా?”

“నీ వీడియో కాలూ అందులోంచేగా వచ్చేది. నువ్వు పెట్టేస్తే నలభై నాలుగవుతుంది.”

శాతాన్ని ప్రమాణంగా తీసుకోవచ్చా అన్నది పెద్ద తర్కం. పని ఎంతయిందో చూపే గీత ఉంటే మనుషులు ఇష్టపడతారని బ్రాడ్ మైయర్స్ 1985లోనే చూపాడు. చివర్లో వేగం పుంజుకునే గీత, పట్టిన సమయం అంతే అయినా, త్వరగా అయినట్టు అనిపిస్తుందని 2007లో క్రిస్ హారిసన్ బృందం తేల్చింది. అంటే ఆ గీత ప్రత్యక్షం కాదు, అనుమానమూ కాదు, ఓదార్పు. ఓదార్పును ప్రమాణాల్లో చేర్చిన దర్శనం మాకు తెలిసి ఏదీ లేదు.

వాయిదా వేసేవాళ్ళు సోమరులని పూర్వపక్షం. సెక్యూరిటీ సవరణలు ఆపితే తలుపు తీసి పడుకున్నట్టేనన్నది నిజమే, ఇందులో మాకు పేచీ లేదు. కానీ 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలను నీలితెర మీద నిలబెట్టింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి బోర్డింగ్ పాసు చేత్తో రాసిచ్చారు. గంటన్నరలోపే ఆ ఫైలును సరిచేశారు కాబట్టి, అప్పటికింకా ఆన్ కాని, నెట్టుకు అందని యంత్రాలు బతికిపోయాయి. ఈ శాస్త్రానికి ఇంతకంటే గొప్ప విజయం ఇంకా నమోదు కాలేదు.

ఫల ప్రకరణంతో ముగిస్తాం. ఎట్టకేలకు ఆ తండ్రి ల్యాప్‌టాపు నూరు శాతానికి చేరి, రెండుసార్లు ఆగి లేచింది. కొడుకు ఫోన్ చేసి, కొత్తగా ఏం వచ్చిందని అడిగాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరంతా గాలించాడు.

“కింద గడియారం పక్కన వాతావరణం వచ్చిందిరా. మబ్బుగా ఉంది, ముప్పై ఒకటి అంటోంది.”

“బాగుందా నాన్నా?”

“బాగానే ఉంది. బాల్కనీలోనూ అంతే ఉంది. దీన్ని తీసెయ్యడం ఎలాగో చెప్పు, గంటగంటకూ నెట్ తాగుతోంది.”